టిక్కుల పెట్టె

ఉదయం ఆరూ పది నిమిషాలకు గురునాథరావు చేతిలోని పెట్టె కాసులమ్మ చేపల గంప మీదికి వంగి టిక్కుటిక్కుమంది. ఆరూ పదకొండుకు గంప చుట్టూ మూగిన బేరగాళ్ళు నాలుగడుగులు వెనక్కి వేశారు. ఆరూ పన్నెండుకు డిటెక్టివ్ తవిటయ్య టీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు.

మూడు రోజులుగా అతను ఆ బల్ల మీదే కూర్చుని ఇదే తమాషా చూస్తున్నాడు. ఏప్రిల్లో రష్యాలో అణుకేంద్రం పేలిందని పేపర్లలో పడింది. జూలై వచ్చేసరికి ఆ పేలుడు మూడుతెప్పలపాలెం ఒడ్డుకు ఒక కరపత్రం రూపంలో వచ్చి చేరింది. విదేశీ ఓడ ఒకటి రేవు బయట అణువిషం పీపాలు ముంచి పోయిందనీ, ఈ ఒడ్డు చేప తిన్నవాళ్ళ ఎముకలు కుళ్ళిపోతాయనీ ఆ కరపత్రం చెప్పింది. కింద ప్రజారోగ్య పరిరక్షణ సంఘం అనీ, కార్యదర్శి గురునాథరావు అనీ అచ్చేశారు. అణువిషం ఉన్నచోట టిక్కుమంటుందని ఒక పెట్టె పట్టుకుని ఒడ్డున తిరుగుతున్నదీ ఆయనే. ఆ సంఘంలో కార్యదర్శి తప్ప రెండో మనిషి లేడని తవిటయ్య మొదటి రోజే కూపీ లాగాడు.

కరపత్రం పడి పది రోజులైంది. పట్నంలోని పూర్ణా మార్కెట్లో ఈ పాలెం గంప దిగితే చాలు, జనం ముక్కు మూసుకుని పక్క గంపకు పోతున్నారు. పట్టిన చేప పట్టినట్టే ఇసుకలో పూడ్చిపెడుతున్నారు. అందుకే చేపలమ్మే ఆడవాళ్ళకు పెద్దదిక్కైన కాసులమ్మ తవిటయ్య ఆఫీసు మెట్లెక్కి, "మా సేపలో ఇసం నేదని పదిమందిలో సూపించు బావూ. ఇంకేటీ అడగను" అంది.

ఆఫీసు బోర్డు మీద టి. రావు అని ఉంటుంది. ఆ టి వెనకాల ఉన్న తవిటయ్య అన్న పేరును అతను పదిహేనేళ్ళుగా దాచుకుంటున్నాడు. రేవులో కస్టమ్స్ ఉద్యోగం చేసిన పద్నాలుగేళ్ళలో అతను నేర్చుకున్నది ఒకటే. పెట్టె మీద ఏం రాసి ఉన్నా, తన చేత్తో మూత తీసి చూసేదాకా నమ్మడు.

"గురునాథరావుగారూ, ఒక్క చిన్న పని," అన్నాడు జనాన్ని తోసుకుంటూ వచ్చి. కాసులమ్మ గంపలోంచి ఒక వంజరం చేప తీసి, కాస్త దూరంగా తడి ఇసుక మీద పెట్టాడు. "ఇప్పుడు చూడండి. కాకపోతే మీ ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకోండి."

గురునాథరావు యాభై ఏళ్ళ బక్కమనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. "మీరెవరు నాకు చెప్పడానికి? ఇది సైన్సు. వేలు పెట్టకండి."

"వేలు పెట్టను. మీ చెయ్యి కూడా పెట్టొద్దంటున్నాను. అంతే."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. వేరే దారి లేక గురునాథరావు చెయ్యి వెనక్కి పెట్టుకుని పెట్టెను చేప మీదికి వంచాడు. పెట్టె ఎక్కడో ఒక టిక్కు, కాసేపటికి ఇంకో టిక్కు అని ఊరుకుంది. తవిటయ్య గభాలున ఆ ఎడమచెయ్యి పట్టుకుని ముందుకు లాగి, చొక్కా మడత పెట్టెకు ఆనించాడు. టిక్కుటిక్కుటిక్కు. మడతలోంచి రెండు వేళ్ళతో ఒక తెల్లటి జాలీగుడ్డ బయటికి తీశాడు.

"పెట్రోమాక్స్ లైటు మేంటిలు! పెళ్ళి ఊరేగింపులో నెత్తిన పెట్టుకు తిరుగుతామే, ఆ లైటుది. దీంట్లో ఒక రకం మందు ఉంటుందట, అది తగిలితే ఈ పెట్టె టిక్కుమంటుంది. నిన్న కాలేజీ లెక్చరరుగారొకరు చూపించారు. ఇన్ని పెళ్ళిళ్ళు చేసుకున్నాం, మనలో ఎవరి ఎముకలు కుళ్ళాయి?"

ఒక్కసారిగా ఒడ్డంతా గోల లేచింది. కాసులమ్మ గంప ఎత్తి నెత్తిన పెట్టుకుని, పది రోజుల తరువాత మొదటిసారి నవ్వింది. "దొంగ ముండాకొడుకా! మా నోటికాడ కూడు తన్నేసినావు గదరా!" అని ఒక ముసలామె ఇసుక తీసి గురునాథరావు మొహాన కొట్టింది.

తవిటయ్యకు ఆ సమయంలో ఒళ్ళు తెలియలేదు. ఎవరికైనా అంతే, గెలిచిన నోరు ఊరుకోదు. పెట్టెను చేత్తో పైకెత్తి పట్టుకుని గట్టిగా అన్నాడు: "ఈ పెట్టె చెప్పేదంతా అబద్ధం. మళ్ళీ ఎవడైనా దీన్ని మీ గుమ్మంలోకి తెస్తే, మొహాన తలుపు వేసెయ్యండి!"

ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.

*

ఆరూ నలభైకి గురునాథరావును వలల షెడ్డులోకి తీసుకొచ్చి, తిరగేసిన గంప మీద కూర్చోబెట్టారు. షెడ్డు నిండా వలలు వేలాడుతున్నాయి. తలుపు బయట జనం. తవిటయ్య ఎదురుగా పీట వేసుకున్నాడు. పెట్టె, గురునాథరావు సంచీలో దొరికిన చిన్న నోటుబుక్కు అతని ఒళ్ళో ఉన్నాయి.

"ఎవరు చేయిస్తున్నారు ఇది? ఒడ్డు ఖాళీ చేయించాలని చూసే వాళ్ళా?"

"ఎవరూ లేరు."

"పక్క పాలెం వాళ్ళా?"

"ఎవరూ లేరని చెప్పానుగా. నన్ను పోలీసులకు అప్పగిస్తే అప్పగించండి. ఆ పెట్టె మాత్రం ఇచ్చెయ్యండి."

తవిటయ్య తల పైకెత్తాడు. పట్టుబడ్డ దొంగ మోసానికి వాడిన వస్తువును వదిలించుకోవాలని చూస్తాడు. ఈయన దాన్నే కావాలంటున్నాడు.

నోటుబుక్కు తెరిచాడు. ప్రతి పేజీలోనూ ఒకే తీరు. "జూలై 6. ఉత్తరం వీధి. 9.40 నుంచి 11.50. ఇళ్ళు ఇరవై రెండు. లేదు." "జూలై 8. బావి వీధి. 9.30 నుంచి 12.05. ఇళ్ళు ముప్ఫై. లేదు." ప్రతి పేజీ చివరా ఆ ఒక్క మాటే.

"ఉదయం ఆరింటికి ఒడ్డున పదిమందిలో తమాషా. అది అర్థమైంది. తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా ఇళ్ళలో ఏం పని? ఆ వేళ మగాళ్ళు సముద్రం మీద, ఆడవాళ్ళు మార్కెట్లో. చూసేవాడే లేని ఇంట్లో ఎవర్ని భయపెట్టారు?"

గురునాథరావు నోటుబుక్కు లాక్కోబోతే తవిటయ్య పక్కకు తిప్పాడు.

"పోనీ ఇది చెప్పండి. జనాన్ని భయపెట్టేవాడు రాసుకుంటే ఉంది అని రాసుకోవాలి. మీరు ఇంటింటికీ లేదు అని రాశారు. ఏది లేదు?"

గురునాథరావు నుదుటి మీది చెమట చుక్క జారి పెన్ను మీద పడింది. జూలై ఉక్కే గానీ షెడ్డులోకి సముద్రపు గాలి బాగానే కొడుతోంది. తవిటయ్యకు పొద్దున ఒడ్డున పొంగిన సంతోషమంతా చల్లారిపోయింది.

చివరి పేజీ తిప్పాడు. నిన్నటి తేదీ. "దక్షిణం వీధి. 10.15. చివరి ఇల్లు. పురుడు. రానివ్వలేదు." దాని చుట్టూ పెన్నుతో మూడుసార్లు సున్నా చుట్టి ఉంది. కింద లేదు అన్న మాట లేదు.

అప్పుడే తలుపు తోసుకుని నూకాలు వచ్చాడు. పాతికేళ్ళ మనిషి, ఎవరినైనా బావా అనే పిలుస్తాడు. కాసులమ్మకు తమ్ముడు, ఆమె కూతురు చిలకమ్మను చేసుకుని అల్లుడు కూడా అయ్యాడు. షిఫ్టు ఉన్న రోజు ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడిలో కాంట్రాక్టరు కింద హెల్పరు, లేని రోజు తెప్ప మీద. నవ్వుతూనే వచ్చాడు గానీ కుడికాలు ఈడుస్తున్నాడు.

"ఈడేనేటి బావా ఆ టిక్కులోడు? ఒకపాలి నాకొగ్గెయ్, సూసుకుంతాను."

"కాలికేమైంది నూకాలూ?"

"ఏటీ నేదు బావా. జెల్లీసేప కొట్టినట్టుంది." లుంగీ పక్కకు తీసి చూపించాడు. తొడ మీద అరచెయ్యంత మేర చర్మం నల్లబడి, మధ్యలో బొబ్బ చితికి రసి కారుతోంది. గురునాథరావు ఆ పుండును చూడగానే కళ్ళు మూసుకున్నాడు. అది తవిటయ్య చూశాడు.

"ఎన్నాళ్ళైంది?"

"నాలుగు దినాలు. ముందర ఎర్రగా ఒచ్చింది. మంట. పసుపేసినాను, తగ్గనేదు."

"జెల్లీచేప లుంగీలో దూరి తొడ మీద ఒక్కచోటే కొట్టిందా?"

నూకాలు తల గోక్కున్నాడు. తవిటయ్య లేచాడు. తల పక్కన వేలాడుతున్న వలల అంచులు ఒక్కొక్కటే చేత్తో తడిమాడు. వల మునగడానికి అంచుకు సీసం గుళ్ళు కడతారు. ఉప్పునీళ్ళలో నాని అన్ని వలల గుళ్ళూ మట్టిరంగుకు తిరిగి ఉన్నాయి. ఒక్క వలకు మాత్రం కొత్తవి, గోటితో గీస్తే మెరుస్తున్నవి.

"ఈ వల ఎవరిది?"

"నాదే బావా. కొత్త గుళ్ళు. నానే పోసినాను," అన్నాడు నూకాలు గర్వంగా.

"సీసం ఎక్కడిది?"

నూకాలు నవ్వు ఆగిపోయింది. బయట నిలబడ్డ జనం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "దొంగతనం కాదు బావా, అమ్మతోడు. పన్లో గొట్టాల కుప్పకాడ పడుంది. పసుప్పచ్చ కుండ, కొబ్బరిబొండాం అంతుంటాది. దాని మీద మూడు రెక్కల బొమ్మేసుంది. పాత ఫేను కంపినీదనుకున్నాను. ఎత్తితే బరువు! ఓరి బాబూ ఇది సీసమే అనుకుని, గోనెసంచిలో ఏసి సైకిలు మీద తెచ్చుకున్నాను. రెండు గుళ్ళకే ఊరంతా ఎతుక్కునేటోళ్ళం మావు. అంత సీసం కంటికెదురుగా ఉంటే ఎలా ఒగ్గేత్తాను?"

"ఏ రోజు?"

"రొండో తారీకు. సాయంత్రం షిప్టు మారినప్పుడు."

నోటుబుక్కులో మొదటి పేజీ జూలై నాలుగు. తవిటయ్య తిరిగి గురునాథరావు ముందుకు వచ్చి నిలబడ్డాడు. "మీ సంఘం సంగతి వదిలేద్దాం. మీరు నిజంగా చేసే ఉద్యోగం ఏమిటి?"

ఆ మనిషి ఒక్కసారి కూలబడిపోయాడు. చేతుల్లో మొహం పెట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి మాట్లాడాడు. "గొట్టాల అతుకులు పరీక్ష చేసే కంపెనీలో. లోపల పగుళ్ళుంటే కనిపించేలా ఫొటో తీస్తాం. ఆ ఫొటోకు కిరణాలు చిమ్మే అణుముక్కను సీసం కుండలో పెట్టి ఉంచుతాం. ఆ రోజు నేను టీకి వెళ్ళాను. పది నిమిషాలు. వచ్చేసరికి కుండ లేదు."

"ఎవరికీ చెప్పలేదు."

"చెబితే నా ఉద్యోగం ఒక్కటే పోదు, జైలు. గేటు దగ్గర వాచ్‌మన్ని అడిగితే గోనెసంచితో సైకిలు ఈ పాలెం వైపు పోయిందన్నాడు. ఎవరి ఇల్లో తెలియదు. ఇంటింటికీ ఈ పెట్టె పట్టుకుని తిరగాలంటే నన్నెవరు రానిస్తారు? ఏదో ఒక కారణం కావాలి. అందుకని..."

"అందుకని వీళ్ళ చేపలో విషం పోశారు."

"దొరికాక అంతా సర్దుకుంటుందనుకున్నాను."

తవిటయ్యకు ఆయన చొక్కా పట్టుకుని కొట్టాలన్నంత కోపం వచ్చింది. కానీ దానికి టైము లేదు. "నూకాలూ, కుండ లోపల ఏముంది?"

"ఏటుంటాది బావా? ఉలితో కొడితే పగిలింది. లోపల జానెడు స్టీలు తీగ, కొసన బియ్యపు గింజంత మెరుపు ముక్క. సీసం కరగబెట్టీసినాను. తీగ సోకుగా ఉందని మడతెట్టి నిక్కరు జేబులో ఏసుకున్నాను."

"ఎంతసేపు?"

"ఆ దినమంతా."

"తరువాత?"

"గేలపు తాడుకి కట్టినాను. తెప్ప మీదే ఉండేది. మాయప్ప కాసులమ్మ సూసి ముచ్చటపడింది. ఇన్ని దినాలు సముద్రంలో ముంచినా దానికి పిసరంత తుప్పు పట్టనేదు బావా! మా ఒడ్డున మేకు కూడా నాలుగు దినాల్లో తినేత్తాది. అలాటి ఇనుము ఏడ దొరుకుద్ది?"

ఈ పది రోజులూ గురునాథరావు ఇళ్ళలో వెతుకుతున్న వేళకు ఆ తీగ సముద్రం మీద ఉంది. అందుకే ప్రతి పేజీలోనూ లేదు. మరి నిన్న? తవిటయ్య నూకాలు భుజం పట్టుకున్నాడు. "ఇప్పుడెక్కడుంది?"

నూకాలు మొహం విప్పారింది. "మొన్న సాయంత్రం చిలకమ్మకి ఆడగుంట పుట్టింది గదా. పురిటాలి తలకింద ఇనుమెట్టాలి, గాలీ దూళీ సోకకుండా. అందరూ తుప్పు కత్తులెడతారు. మాయప్ప ఆ తీగ అడిగి ఒట్టుకెళ్ళింది. తలగడ కిందుంది."

గంప మీది నుంచి గురునాథరావు లేచి నిలబడ్డాడు. గొంతు కీచుగా వచ్చింది. "నిన్న ఆ వీధి మొదట్లోనే పెట్టె మీది ముల్లు లేచింది! దగ్గరికి పోదామంటే ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. పురిటింటికి మగవాడు రాకూడదన్నారు. చేపలో విషమని ఇంకొక్కసారి భయపెడితే భయానికైనా రానిస్తారని పొద్దున్నే వచ్చాను. మీరు..."

"నిన్నటి నుంచి తెలుసా మీకు?" తవిటయ్య అరిచాడు. "పక్కనే ఉండి, తెలిసి, ఒక రాత్రి ఊరుకున్నారా? దాని దగ్గర ఒక పసిగుడ్డు ఉందయ్యా!"

"మీరు అడ్డుపడకపోతే ఈ పాటికి..."

మిగతా మాట వినడానికి తవిటయ్య అక్కడ లేడు.

*

దక్షిణం వీధి మొదట్లోనే తవిటయ్య చేతిలోని పెట్టె టిక్కుమనసాగింది. మేంటిలు షెడ్డులోనే ఉండిపోయింది. ఇప్పుడు పెట్టె దగ్గర చేపా లేదు, మోసమూ లేదు. నాలుగు ఇళ్ళు దాటేసరికి టిక్కులు ఒకదాని మీదొకటి పడుతూ గరగరమన్నాయి. ముల్లు పక్కకు వాలిపోతోంది. వెనక గురునాథరావు, నూకాలు పరిగెత్తుకొస్తున్నారు. వాకిళ్ళలో కూర్చున్న ఆడవాళ్ళు ఆ చప్పుడు విని ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పకపకా నవ్వారు. "బావు మళ్ళా ఒచ్చినాడమ్మా! ఈ పాలి ఎవుల సొక్కాలో ఉంది?"

చివరి ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. కాసులమ్మ గడప దగ్గర కూర్చుని పొద్దుటి చేపల్లోంచి దాచుకున్న నాలుగు సొర్ర ముక్కలు కడుగుతోంది. బాలింతకు పాలు పడతాయని. పది రోజుల తరువాత ఆ ఇంట్లో మళ్ళీ చేపల కూర.

"కాసులమ్మా, చిలకమ్మనీ పాపనీ బయటికి తీసుకురా. ఇప్పుడే. తలగడ కింద తీగ ముట్టుకోకు, అక్కడే వదిలెయ్."

ఆమె చేతులు కడుక్కుని నిదానంగా లేచింది. "ఏటి బావూ, రొప్పుతన్నావు? కూకో. సొర్ర ఉడకనీ, తినెల్దువుగాని."

"పొద్దున నేను చెప్పింది తప్పు. చేపలో ఏమీ లేదు, అది నిజం. ఆ తీగలో ఉంది. నూకాలు తొడ కాల్చింది అదే. నీ కూతురి తల కింద రెండు రాత్రుల నుంచి..."

"గుంట పుట్టి మూడో దినం. పదకొండో దినం నీళ్ళు పోసేదాకా బయటికి తేకూడదు. ఇనుము తియ్యకూడదు." ఆమె మొహంలో నవ్వు పోయింది. తలుపుకు అడ్డంగా చెయ్యి పెట్టింది. "నీ పేరు తవిటయ్యంట గదా. మీ ఊరోళ్ళు సెప్పినారు. మీయమ్మకి పుట్టినోళ్ళు దక్కక, నిన్ను గుప్పెడు తవుడుకి అమ్మేసి మళ్ళా కొనుక్కుందంట. అలాగే బతికినావు నువ్వు. మరి నా మనవరాలి తలకింద ఇనుము తియ్యమని నువ్వే ఎలా అంతన్నావు?"

తవిటయ్య తల్లి ఏం చేసిందో ఈమె కూడా అదే చేస్తోంది. బిడ్డ దక్కాలని, తనకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి ఇనుము తెచ్చి పెట్టుకుంది. ఆమెకు ఏ మాట చెప్పి నమ్మించాలి? అణువు గురించా, కంటికి కనపడని మంట గురించా? పది రోజులుగా గురునాథరావు చెప్పిందీ అదే. అదంతా అబద్ధమని పదిమందిలో నిరూపించింది తను.

"అప్పా, తలుపు తియ్యి! బావ సెప్పింది నిజం," అన్నాడు నూకాలు ఏడుపు గొంతుతో. అతనికి ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చి గుమ్మం ముందు గోడ కట్టినట్టు నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడు, తవిటయ్య ఇంకో అడుగు ముందుకు వెయ్యగానే, అతని చేతిలో పెట్టె గరగర ఆపేసింది. ఒక్క టిక్కు కూడా లేదు.

కాసులమ్మ పెట్టె వైపు చూసింది. తరువాత అతని వైపు చూసింది. "సూసినావా? మా గుమ్మంకాడికి రాగానే ఆగిపోనాది. ఏటీ నేదు." ఆమె గొంతులో కోపం కూడా లేదు, జాలి ఉంది. "నువ్వే సెప్పినావు గదా బావూ. మళ్ళా ఎవులైనా దీన్ని తెత్తే మొకాన తలుపేసీమని."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

"ఆగడం కాదది," అన్నాడు వెనక నుంచి గురునాథరావు. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఇంత దగ్గర్లో ఇంత విషాన్ని లెక్కపెట్టడం దానివల్ల కాదు. అందుకని మూగబోయింది."

తలుపు అవతల చిలకమ్మ దగ్గి, డోకుతోంది. దాని మధ్యలో పసిపిల్ల ఏడుపు సన్నగా మొదలై, ఆగి, మళ్ళీ మొదలైంది. మూగబోయిన పెట్టెను ఇసుకలో పారేసి, అడ్డం నిలబడ్డ ఆడవాళ్ళ మధ్యలోంచి తవిటయ్య ఆ తలుపు మీదికి భుజంతో దూకాడు.